స్టీరింగు కింద పదహారు రంధ్రాలు

మే నెల. మిట్టమధ్యాహ్నం. విజయవాడలో ఎండ మాడు పగలగొడుతోంది. ఒక కారు అరగంటసేపు నడిచి వచ్చి ఇప్పుడే నీడన ఆగింది. బానెట్ మీద చెయ్యి పెడితే చురుక్కుమంటోంది. ఆ కారుకు అగ్గిపెట్టెంత యంత్రం ఒకటి తగిలించి, "నీ ఇంజను నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయి?" అని అడిగామనుకోండి. అది ఏమాత్రం తడుముకోకుండా "మైనస్ 40 డిగ్రీల సెల్సియస్" అని జవాబు చెప్పింది!

మైనస్ 40 అంటే మాటలు కాదు. సైబీరియాలో నడిచలికాలం నాటి సంగతి. (సెల్సియస్‌లోనూ ఫారన్‌హీటులోనూ ఒకే అంకె వచ్చే ఉష్ణోగ్రత అదొక్కటే. కావాలంటే సూత్రంలో వేసి చూసుకోండి.) మరి కారు అబద్ధమాడిందా? యంత్రం పాడయిందా? రెండూ కాదు. కారు తనకు తెలిసింది తెలిసినట్టే చెప్పింది. దానికి వచ్చిన జబ్బు ఏమిటో కూడా ఆ జవాబులోనే ఉంది. అయితే ఆ జవాబును చదవడం మనకు రావాలి. ముందు, కారును ప్రశ్న అడగడమంటే ఏమిటో చూద్దాం.

సమలంబ చతుర్భుజం లాంటి సాకెట్టు

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో గత పదేళ్లలో కొన్న కారు ఉంటే, పెద్దవాళ్ల అనుమతి తీసుకుని డ్రైవరు వైపు తలుపు తెరిచి కిందికి వంగి చూడండి. స్టీరింగుకు కింద, డ్రైవరు మోకాళ్లకు ఎదురుగా, ఒక ప్లాస్టిక్ సాకెట్టు కనిపిస్తుంది. కొన్ని కార్లలో దానిమీద చిన్న మూత ఉంటుంది. ఒక అంచు వెడల్పు, రెండో అంచు ఇరుకు. మీరు రేఖాగణితంలో చదువుకున్న సమలంబ చతుర్భుజమే! ప్లగ్గును తలకిందులుగా పెట్టడానికి వీల్లేకుండా ఆ ఆకారం ఇచ్చారు. అందులో ఎనిమిదేసి చొప్పున రెండు వరసల్లో పదహారు రంధ్రాలుంటాయి. వెడల్పు వరసలో 1 నుంచి 8, ఇరుకు వరసలో 9 నుంచి 16. పదహారింటిలోనూ లోహపు ముక్కలు ఉండనక్కరలేదు. సగం ఖాళీగా ఉన్నా ఆశ్చర్యపోకండి.

దీని పేరు ఓ.బి.డి. పోర్టు. ఆన్‌బోర్డ్ డయాగ్నస్టిక్స్ అనే మాటకు అది పొట్టి పేరు. బండిలోనే కూర్చుని బండి రోగాన్ని కనిపెట్టే ఏర్పాటు అన్నమాట.

16వ రంధ్రం తిన్నగా బ్యాటరీ ధనధ్రువానికి కలిసి ఉంటుంది. 4, 5 రంధ్రాలు భూమికి, అంటే కారు ఇనపదేహానికి కలుస్తాయి. తాళంచెవి తీసేసినా 16లో కరెంటు ఉంటుందని గుర్తుంచుకోండి. అంచేత పిన్నీసులూ తీగముక్కలూ అందులో దూర్చి ప్రయోగాలు చెయ్యవద్దు. 16, 4 ఒకదానికొకటి తగిలాయంటే ఫ్యూజు ఎగిరిపోతుంది.

అసలు మాటలు నడిచేది ఈ కాలపు కార్లలో 6, 14 రంధ్రాల ద్వారా. వీటికి వచ్చే రెండు తీగలను జడలాగా మెలిపెట్టి ఉంచుతారు. ఈ పద్ధతికి కాన్ అని పేరు. జర్మనీలోని బాష్ కంపెనీవారు 1986లో దీన్ని ప్రకటించారు. ఏ సందేశమూ లేనప్పుడు రెండు తీగల మీదా దాదాపు 2.5 వోల్టులు ఉంటాయి. సందేశం పంపేటప్పుడు ఒకటి 3.5కు ఎక్కుతుంది, రెండోది 1.5కు దిగుతుంది. వినేవాడు ఆ రెంటి మధ్య తేడానే చూస్తాడు. ఇదెందుకంటారా? ఇంజనులో స్పార్కు ప్లగ్గులు క్షణక్షణం నిప్పురవ్వలు పుట్టిస్తుంటాయి. ఆ గోలకు తీగల్లో వోల్టేజి ఎగిరెగిరి పడుతుంది. కాని రెండు తీగలూ పక్కపక్కనే మెలిపడి ఉన్నాయి కనక రెండూ కలిసే ఎగురుతాయి, కలిసే పడతాయి. తేడా మారదు. సంతలో ఎంత రొద ఉన్నా సందేశం చెడిపోదు!

ఆ జంటతీగ రెండు చివర్లలోనూ 120 ఓముల నిరోధం ఒక్కొక్కటి పెడతారు. రెండు 120లు సమాంతరంగా ఉంటే మొత్తం ఎంత? 60 కదా. బ్యాటరీ తీగ ఊడదీసి మల్టీమీటరుతో 6కూ 14కూ మధ్య నిరోధం కొలిస్తే చాలా కార్లలో సుమారు 60 ఓములు చూపిస్తుంది. 120 చూపిస్తే ఒక చివర ఏదో తెగిందని అర్థం. పదో తరగతి లెక్క మెకానిక్ షెడ్డులో ఇలా పనికొస్తుంది.

అనాసపండు వాసన చూసిన శాస్త్రజ్ఞుడు

ఈ సాకెట్టును కారు యజమాని సౌకర్యం కోసం పెట్టలేదు. మెకానిక్ కోసమూ పెట్టలేదు. చట్టం పెట్టించింది. ఆ కథ అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలోని లాస్ ఏంజిలిస్ నగరంలో మొదలైంది. 1943 వేసవిలో ఆ ఊరిమీద గోధుమరంగు మబ్బులాంటిది కమ్మింది. జనం కళ్లు మండి నీళ్లు కారాయి. యుద్ధకాలం కనక శత్రువులు విషవాయువు వదిలారని కూడా కొందరు భయపడ్డారు. ఆ తరవాత అది మాటిమాటికీ రావడం మొదలుపెట్టింది.

ఆరీ హాగెన్‌స్మిట్ అనే డచ్చి శాస్త్రజ్ఞుడు అప్పట్లో ఆ దగ్గరలోనే ఉన్న కాల్‌టెక్ సంస్థలో అనాసపండుకు ఆ వాసన ఏ పదార్థాల వల్ల వస్తుందో పరిశోధిస్తున్నాడు. పండు వాసనను పట్టి విడదీసిన పద్ధతినే ఊరి గాలికీ ప్రయోగించాడు. కార్లూ కర్మాగారాలూ వదిలే, సరిగా కాలని ఇంధనపు ఆవిర్లూ, నైట్రోజన్ ఆక్సైడులూ సూర్యకాంతిలో కలిసి ఓజోన్‌ను పుట్టిస్తున్నాయని 1950 ప్రాంతాల్లో తేల్చాడు. ఎక్కడో ఆకాశంలో మనను కాపాడే ఓజోనే ముక్కు దగ్గరకొస్తే విషం. వంచి కట్టిన రబ్బరుముక్క ఎంత త్వరగా పగుళ్లు వేస్తుందో చూసి గాలిలో ఓజోన్ ఎంతుందో అంచనా కట్టేవాడాయన. ఇంతటి సమస్యకు అంత చవకైన పరికరం!

ఆ తరవాత కార్ల పొగమీద నిబంధనలు వచ్చాయి. పొగగొట్టంలో ప్లాటినం వంటి లోహాలు పూసిన ఉత్ప్రేరక పెట్టె వచ్చింది. ఇంధనాన్ని లెక్కగట్టి పొయ్యడానికి కంప్యూటరు వచ్చింది. అప్పుడింకో చిక్కు వచ్చిపడింది. కొత్త కారు పరీక్షలో నెగ్గుతుంది, సరే. ఐదేళ్లు వాడాక ఉత్ప్రేరకం చచ్చిపోతే ఎవరికి తెలుస్తుంది? కారు మామూలుగానే నడుస్తుంది. యజమానికి ఏ ఇబ్బందీ ఉండదు. ఇబ్బంది వీధిలో గాలి పీల్చేవాళ్లకు. అందుకని కారే తన తప్పు తాను కనిపెట్టి దీపం వెలిగించి చెప్పాలని కాలిఫోర్నియా పెట్టిన మొదటి నియమం 1988 మోడలు కార్లతో అమల్లోకి వచ్చింది. రెండో తరం నియమం 1996 నుంచి అమెరికా కార్లన్నిటికీ తప్పనిసరి అయింది. అంతకుముందు ఏ కంపెనీ సాకెట్టు దానిది, ఏ కంపెనీ భాష దానిది. ఈ నియమంతో అందరికీ ఒకే ఆకారం, ఒకే భాష వచ్చాయి. మన దేశంలో భారత్ స్టేజ్ 4 నిబంధనలతోబాటు 2010లో మొదటి దశ, 2013 ఏప్రిల్ నుంచి రెండో దశ వచ్చాయి.

మీటర్ల మధ్య పసుపుపచ్చగా వెలిగే ఇంజను బొమ్మ ఉంది చూశారా, అది ఈ చట్టం బిడ్డే. పొగ చెడిపోయే ప్రమాదం ఉన్నప్పుడు అది వెలుగుతుంది. అది వెలగలేదంటే కారు పూర్తి ఆరోగ్యంగా ఉందని అనుకోరాదు. బ్రేకు ప్యాడ్లు అరిగినా, టైరు గుండు అయినా ఆ దీపానికి పట్టదు.

కారుతో సంభాషణ

ఇక మాట్లాడదాం. కారు కంప్యూటరుకు తెలిసిన భాష అంకెలే. అది కూడా మనలాగా పదేసి లెక్కపెట్టదు, పదహారేసి లెక్కపెడుతుంది. 9 తరవాత అంకెలు అయిపోయాయి కనక 10కి ఎ, 11కి బి, 12కి సి, 13కి డి, 14కి ఇ, 15కి ఎఫ్ అని గుర్తులు పెట్టుకున్నారు. కనక 7బి అంటే 7 పదహార్లూ, ఇంకో పదకొండూ; 112, 11 కలిపి 123. ఇలాంటి రెండు గుర్తుల జతను బైటు అంటారు. అది 0 నుంచి 255 దాకా పోగలదు.

మనం "01 0సి" అని అడిగామనుకోండి. 01 అంటే "ఈ క్షణాన ఎలా ఉందో చెప్పు" అని. 0సి అంటే "ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోంది?" అని. కారు "41 0సి 0బి బి8" అంటుంది. 01కి 40 చేర్చి 41 అన్నదంటే, నీ ప్రశ్నకు ఇదీ జవాబు అని. 0సి మన ప్రశ్నను తిరిగి అప్పగించడం. మిగిలినవి అసలు జవాబు. 0బి అంటే 11. బి8 అంటే 184. మొదటిదాన్ని 256తో గుణించి రెండోదాన్ని కలపాలి. 2816, 184 కలిపి 3000. దాన్ని 4తో భాగించాలి. 750. ఇంజను నిమిషానికి 750 చుట్లు తిరుగుతోంది, అంటే కారు నిలబడి ఊరికే ఆడుతోంది. నాలుగుతో భాగించడం ఎందుకంటే, పావు చుట్టు తేడా కూడా తెలియాలని అలా ఏర్పాటు చేసుకున్నారు.

స్కానరు అనే యంత్రం ఈ లెక్కలన్నీ తానే చేసి తెరమీద 750 అని చూపిస్తుంది. చవక స్కానర్లు బ్లూటూత్‌తో సెల్‌ఫోనుకే ఆ అంకెలు పంపుతాయి. అయినా లోపల జరిగేది ఇదేనని తెలిసి ఉండడం మంచిది. ఎందుకో ఇప్పుడే చూస్తారు.

"01 05" అని అడిగితే ఇంజను నీళ్ల ఉష్ణోగ్రత చెబుతుంది. జవాబు 7బి వచ్చిందనుకోండి. 123 అని లెక్కగట్టాం కదా. అందులోంచి 40 తీసెయ్యాలి. 83 డిగ్రీలు. 40 ఎందుకు తియ్యాలి? బైటులో మైనస్ గుర్తుకు చోటు లేదు. చలిదేశాల్లో ఉష్ణోగ్రత సున్నాకు దిగువకు పోతుంది. అందుకని మెట్లను కిందనుంచి లెక్కపెట్టారు. బైటులో 0 అంటే మైనస్ 40, 255 అంటే 215. మన విజయవాడ కారు చెప్పినది ఏమిటో తెలిసిందా? అది "00" అన్నది. ఆ నిచ్చెనలో అట్టడుగు మెట్టు.

అట్టడుగుకు ఎలా పడింది? ఇంజను నీళ్లలో మునిగి ఉండే ఉష్ణోగ్రత సెన్సరు ఒక థర్మిస్టరు. లోహపు తీగ వేడెక్కితే నిరోధం పెరుగుతుందని చదువుకున్నారు. ఇది అర్ధవాహకం, వేడెక్కితే దీని నిరోధం తగ్గుతుంది. కంప్యూటరు 5 వోల్టులను తనలోని ఒక స్థిర నిరోధం గుండా పంపి దీనికి కలుపుతుంది, ఇద్దరూ ఆ 5 వోల్టులను పంచుకుంటారు. లెక్క తేలికగా ఉండటానికి స్థిర నిరోధం 2500 ఓములనుకుందాం. గది ఉష్ణోగ్రత దగ్గర థర్మిస్టరుది కూడా 2500 అనుకుంటే దాని వాటా సరిగ్గా సగం, 2.5 వోల్టులు. ఎనభై డిగ్రీల దగ్గర దాని నిరోధం 320కి పడిపోయిందనుకుంటే వాటా 0.57 వోల్టు. వేడి పెరిగేకొద్దీ వోల్టులు తగ్గుతాయి, చల్లబడేకొద్దీ పెరుగుతాయి. ఇప్పుడు ఎలుక ఆ తీగను కొరికేసిందనుకోండి. తెగిన తీగ నిరోధం ఎంత? అనంతం! మొత్తం 5 వోల్టులూ అక్కడే కనిపిస్తాయి. కంప్యూటరు తన పట్టికలో చూసుకుంటుంది: వోల్టులు ఎక్కువంటే చలి ఎక్కువ, ఇంత ఎక్కువంటే ఇక అట్టడుగే. మైనస్ 40.

అది ఉష్ణోగ్రతను చూడలేదు. వోల్టులను చూసి ఉష్ణోగ్రత అనుకుంది. ఈ ఒక్క మాట పట్టుకుంటే ఓ.బి.డి. పోర్టును వాడటం సగం వచ్చినట్టే.

తెగింది తీగో, సెన్సరో తేల్చడానికి మెకానిక్కులకు ఒక చక్కని ఉపాయముంది. సెన్సరు ప్లగ్గు ఊడదీసి, తీగల వైపున్న రెండు కొసలనూ చిన్న వైరుముక్కతో కలుపుతారు. నిరోధం దాదాపు సున్నా అయింది కనక తెరమీద అంకె మైనస్ 40 నుంచి ఒక్కసారిగా పైకి, అతివేడికి దూకాలి. దూకితే తీగలూ కంప్యూటరూ బాగానే ఉన్నాయి, దోషం సెన్సరుది. దూకకపోతే కొత్త సెన్సరు కొన్నా ప్రయోజనం లేదు. తీగ వెంట వెతుక్కుంటూ పోవాలి. (కొన్ని కార్లలో కంప్యూటరు ఈ తప్పు పసిగట్టి తనంతట తాను ఒక ఊహ అంకె వాడుకుంటుంది, రేడియేటరు ఫ్యాను ఆపకుండా తిప్పుతుంది. తెలివైనదే!)

కోడు అంటే తీర్పు కాదు

ఇలాంటి తప్పు కనిపించినప్పుడు కంప్యూటరు ఒక కోడు రాసిపెట్టుకుంటుంది. పై సందర్భంలో అది పి0118. మొదటి అక్షరం పి అంటే ఇంజను, గేర్ల వైపు సంగతి. బి అంటే కారు దేహం, సి అంటే చక్రాలూ బ్రేకుల వైపు, యు అంటే కంప్యూటర్ల మధ్య మాటలు తెగిపోయాయని. తరవాత అంకె 0 అయితే అన్ని కంపెనీలకూ ఉమ్మడి కోడు, 1 అయితే ఆ కంపెనీ సొంత కోడు. ఆ పై అంకె ఏ విభాగమో చెబుతుంది: 1 ఇంధనం, గాలి, 3 స్పార్కు. చివరి రెండూ ప్రత్యేకమైన తప్పు. ఇది బట్టీపట్టవలసిన పట్టిక కాదు, ఎక్కడైనా దొరుకుతుంది.

బట్టీకి లొంగని సంగతి వేరే ఉంది. మా వీధిలో టాక్సీ నడుపుకునే అతను ఒకరోజు ఇంజను దీపం వెలిగిందని ఒక షెడ్డుకు వెళ్లాడు. స్కానరు పెట్టారు. పి0171 వచ్చింది. దాని అర్థం "మిశ్రమంలో గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ". పొగలో ఆక్సిజన్ ఎక్కువుందని చెప్పింది ఆక్సిజన్ సెన్సరే కదా, ఆ సెన్సరే పోయిందన్నారు. కొత్తది వేశారు. వారం రోజుల కిరాయి దానికి సరిపోయింది. నాలుగో రోజున దీపం మళ్లీ వెలిగింది. జ్వరం ఎక్కువ చూపించిందని థర్మామీటరు మార్చినట్టయింది పని.

ఆ కోడులో సెన్సరు పాడయిందని ఎక్కడా లేదు. పెట్రోలు పూర్తిగా కాలాలంటే ఒక గ్రాము పెట్రోలుకు సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఇంజనులోకి వచ్చే గాలిని కంప్యూటరు కొలుచుకుని తగినంత పెట్రోలు పోస్తుంది. పొగలో ఆక్సిజన్ మిగిలిపోతే పెట్రోలు చాల్లేదని ఇంకాస్త పోస్తుంది. ఎంత శాతం ఎక్కువ పోసిందో లెక్క కూడా రాసుకుంటుంది. దీన్ని ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. మంచి ఇంజనులో ఇది సున్నాకు అటూ ఇటూ కొద్ది శాతంలోనే ఉంటుంది. (ఈమధ్య మన పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలుపుతున్నారు. ఇథనాలులో ఆక్సిజన్ ముందే ఉంది కనక, ఆ పెట్రోలుకు తయారుచెయ్యని పాత కారులో ఈ అంకె కొంచెం పెరగడం సహజం.) హద్దు మీరి పెరిగితే పి0171 రాసి దీపం వెలిగిస్తుంది.

ఇలా గాలి మిగలడానికి కారణాలు చాలా. గాలిని కొలిచే పరికరం దాటాక ఎక్కడో రబ్బరు గొట్టం పగిలి దొంగగాలి దూరుతుండవచ్చు. పెట్రోలు పంపు నీరసించి ఉండవచ్చు. ఫిల్టరు పూడిపోయి ఉండవచ్చు. ఏదని తేల్చడానికి ఆ పోర్టులోనే ఆధారం ఉంది. టాక్సీ అతనిని మరో పెద్దాయన దగ్గరకు పంపారు. ఆయన ఏ భాగాన్నీ ముట్టుకోకుండా ఇంజనును ఊరికే ఆడిస్తూ ట్రిమ్ చూశాడు. 23 శాతం. యాక్సిలరేటరు తొక్కి 2500 చుట్లకు తెచ్చి మళ్లీ చూశాడు. 6 శాతం. "గొట్టం ఎక్కడో పగిలింది" అన్నాడు.

ఎలా తెలిసింది? మీరే లెక్కకట్టండి. ఊరికే ఆడేటప్పుడు ఇంజను సెకనుకు 3 గ్రాముల గాలి కొలిచి తీసుకుంటోందనుకోండి. పగులులోంచి 0.7 గ్రాము దొంగగాలి వస్తోంది. మూడులో 0.7 అంటే 23 శాతం. వేగం పెంచితే కొలిచిన గాలి 12 గ్రాములయింది. పగులు పెద్దదవదు కదా, దొంగగాలి దాదాపు అంతే. పన్నెండులో 0.7 అంటే 6 శాతానికి లోపే. అదే పెట్రోలు పంపు నీరసించి ఉంటే వ్యవహారం తిరగబడేది. ఊరికే ఆడేటప్పుడు కావలసిన కొద్ది పెట్రోలు అది పంపగలదు. లోడు పెరిగేకొద్దీ చాలక ట్రిమ్ పెరిగేది. (కొన్ని కార్లలో గాలిని నేరుగా కొలవరు, లోపలి పీడనాన్ని బట్టి లెక్కగడతారు. వాటిలో దొంగగాలి ఇలా పట్టుబడదు.) బ్యాటరీ పక్కనున్న వంపులో, వేలెడు గొట్టం అడుగున చీలి ఉంది. చాలా చవక వస్తువు.

కోడు ఇద్దరూ ఒకటే చదివారు. ఒకరు అంకె చూసి సామాను అంగడికి పోయారు, ఒకరు అంకె చూసి ఇంకో ప్రశ్న వేశారు. స్కానరు కొన్నంత మాత్రాన మెకానిక్ కాలేడని నేను అనేది ఇందుకే. ఇదే మాట కొందరు కుర్ర మెకానిక్కులతో అంటే నవ్వుతారు!

కుంటుతున్న చక్రం

అన్నిటిలోకీ నాకు ముచ్చటగొలిపేది స్పార్కు తప్పడాన్ని కారు పట్టుకునే తీరు. నాలుగు సిలిండర్ల ఇంజను రెండు చుట్లకు నాలుగుసార్లు పేలుతుంది. 750 చుట్ల దగ్గర సెకనుకు 25 పేలుళ్లు. వాటిలో ఒక్కటి తప్పినా కారుకు తెలియాలి. ఎలా? సిలిండరులో మంటను చూసే కన్నేమీ లేదు. క్రాంక్ షాఫ్టు చివర పళ్లచక్రం ఒకటి ఉంటుంది. చాలా కార్లలో అరవై పళ్లకు చోటుండి, రెండు పళ్లు కావాలనే తీసేసి ఉంటాయి. ఆ ఖాళీ చూసి చుట్టు ఎక్కడ మొదలయిందో తెలుసుకుంటారు. పక్కనున్న సెన్సరు ఒక్కొక్క పన్ను దాటడానికి ఎంత కాలం పట్టిందో కొలుస్తుంది. పేలిన ప్రతిసారీ చక్రం కొంచెం పుంజుకుంటుంది. ఒక సిలిండరు పేలకపోతే ఆ వంతులో చక్రం రవంత మందగిస్తుంది. కాలు నొప్పిగా ఉన్నవాడి అడుగుల చప్పుడు విని ఏ కాలో చెప్పినట్టు, కంప్యూటరు ఒకటో సిలిండరని చెప్పి పి0301 రాస్తుంది.

ఇప్పుడు దీపం ఊరికే వెలగకుండా టపటపా ఆరుతూ వెలుగుతుంటే అది అత్యవసరం. కాలని పెట్రోలు పొగగొట్టంలోకి పోయి ఉత్ప్రేరకం మీద మండుతుంది, ఆ పెట్టె కరిగిపోయేంత వేడెక్కవచ్చు. నాన్నగారికి వెంటనే చెప్పండి.

ఒకటో సిలిండరు పేలడంలేదంటే దాని స్పార్కు కాయిల్ పోయిందా, ప్లగ్గు పోయిందా, పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు పోయిందా? కొత్తవి కొననక్కరలేదు. ఒక్కో సిలిండరుకు విడి కాయిల్ ఉన్న ఇంజనులో, ఇంజను ఆపి ఒకటో కాయిల్‌ను మూడోదానికీ మూడోదాన్ని ఒకటోదానికీ మారుస్తారు. మిగతావేవీ కదిలించరు. కోడు చెరిపి మళ్లీ నడిపితే పి0303 వచ్చిందనుకోండి. తప్పు కాయిల్ వెంటే నడిచింది! పి0301 అలాగే ఉంటే కాయిల్ నిర్దోషి. ఒకసారికి ఒకే ఒక్కటి మార్చి చూడటమన్నది ప్రయోగశాలలో మేము మీకు చెప్పే పాఠమే.

చెరిపేస్తే పోదు

స్కానరులో కోడు చెరిపే మీట కూడా ఉంటుంది. అది నొక్కితే దీపం ఆరిపోతుంది, అందరికీ సంతోషం. కాని కోడు పుట్టిన క్షణాన వేగమెంత, వేడెంత, లోడెంత అని కారు దాచిపెట్టుకున్న అంకెలు కూడా దాంతోనే పోతాయి. చెప్పులజాడ ఊడ్చేసి దొంగను వెతికినట్టు. ముందు అన్నీ నోటుబుక్కులో రాసుకోవాలి, తరవాతే చెరపాలి. పాత కారు కొనేవాళ్లు మరో సంగతి చూసుకోవాలి. కోడు చెరిపిన తరవాత కారు తన సొంత పరీక్షలన్నీ మళ్లీ పూర్తిచేసుకోవడానికి కొన్నిరోజుల ప్రయాణం పడుతుంది. అవి పూర్తయ్యాయో లేదో స్కానరు చూపిస్తుంది. ఒక్క కోడూ లేదు, పరీక్షలూ చాలావరకు పూర్తికాలేదు అంటే, ఎవరో నిన్నో మొన్నో చెరిపారన్నమాట. బ్యాటరీ తీసిపెట్టినా కొన్ని కార్లలో అలాగే కనిపిస్తుంది కనక వెంటనే అనుమానించకుండా, ఎందుకని అడగండి.

కంప్యూటరు మాట ఎంతవరకు నమ్మవచ్చునో లోకానికి తెలిసివచ్చిన సందర్భం 2015లో వచ్చింది. ఫోక్స్‌వాగన్ కంపెనీ తన డీజిలు కార్ల కంప్యూటరులో, ఇది ప్రయోగశాల పరీక్ష అని గుర్తుపట్టి అప్పుడు మాత్రమే పొగను శుభ్రంగా ఉంచే ప్రోగ్రాము పెట్టిందని ఆ ఏడాది సెప్టెంబరులో బయటపడింది. ప్రపంచమంతటా సుమారు కోటి పది లక్షల కార్లు. రోడ్డు మీద అవి వదిలే నైట్రోజన్ ఆక్సైడులు హద్దుకు ఎన్నోరెట్లు ఎక్కువ. హాగెన్‌స్మిట్ పట్టుకున్న నేరస్తులే! దీన్ని పట్టించింది కారులోని దీపం కాదు. వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం వారు పొగగొట్టానికి సొంత కొలత పరికరాలు బిగించి, కారును రోడ్డుమీద నడిపించి చూడబట్టి అనుమానం పుట్టింది.

మీరు చెయ్యదగ్గ ప్రయోగం

ఎవరిదగ్గరైనా స్కానరు ఉంటే ఇది చెయ్యండి. కారు యజమాని పక్కనే ఉండాలి. కారు ఆరుబయట ఉండాలి. మూసిన షెడ్డులో ఇంజను ఆడిస్తే కార్బన్ మోనాక్సైడు ప్రాణాలు తీస్తుంది. నడిచే కారులో తెర చూస్తూ కూర్చోవద్దు. పని అయ్యాక స్కానరు ఊడదియ్యడం మరవకండి. 16వ రంధ్రంలోంచి అది రాత్రంతా బ్యాటరీని తాగుతుంది.

రాత్రంతా నిలిపిన కారు తీసుకోండి. తెల్లవారుజామున, ఇంజను స్టార్టు చెయ్యకుండా తాళం మాత్రం తిప్పి, నీళ్ల ఉష్ణోగ్రత, లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రత చదవండి. పక్కనే మీ బడి థర్మామీటరు ఒకటి వేలాడదియ్యండి. మూడూ రెండు మూడు డిగ్రీల తేడాలో ఒకటిగా ఉండాలి. ఒక్కటి మాత్రం పదిహేను డిగ్రీలు దూరంగా ఉంటే, కోడు రాకపోయినా ఆ సెన్సరును అనుమానించవచ్చు. తరవాత ఇంజను స్టార్టు చేయించి, ప్రతి అర నిమిషానికీ నీళ్ల ఉష్ణోగ్రత రాసుకోండి. గ్రాఫు కాగితం మీద అడ్డంగా కాలం, నిలువుగా ఉష్ణోగ్రత గుర్తించండి. గీత ఏటవాలుగా పైకి పోయి, చాలా కార్లలో 80, 95 డిగ్రీల మధ్య ఎక్కడో వంగి, దాదాపు చదునవుతుంది. అక్కడ థర్మోస్టాట్ అనే మైనపు కవాటం కరిగి తెరుచుకుని నీళ్లను రేడియేటరు వైపు వదిలింది.

ఇక ఒక లెక్క. ఒక కారును రోడ్డుమీద అరగంట నడిపినా ఈ గీత 60 దగ్గరే చదునైపోయింది. పెట్రోలు కూడా ఎక్కువ తాగుతోంది. కొన్నిరోజులకు పి0128 అనే కోడు వచ్చింది. సెన్సరు బాగానే ఉందని ఉదయం థర్మామీటరుతో చూసి తేల్చుకున్నారు. ఏ భాగం ఏ స్థితిలో ఇరుక్కుపోయి ఉంటుంది? పెట్రోలు ఎక్కువ ఎందుకు తాగుతోంది? మీ సైన్సు మాస్టారికి చూపించేముందు, జవాబుతోబాటు దాన్ని రుజువు చెయ్యడానికి మీరు కారును అడగబోయే తరవాతి ప్రశ్న కూడా రాయండి.